దోర్నకల్ బిషప్ అజరయ్యగారు

లోకములో పెత్తనము సంపాదించుటకు పలు మార్గములు కలవు. ధనమువలన కొందఱును, విద్యవలన కొందఱును, బంధుబలమువలన కొందఱును ఇతరులపై అధికారము చేయుచుందురు. కాని క్రైస్తవసంఘమునకు పెద్దగా నుండువానికి ఇవి యేవియు చాలవు. తన శిష్యుల పాదములు కడిగిన ప్రభువును సేవించువాడు తానును నడుము వంచుట నేర్వవలెను. ఈ మాట చెప్పుట సులభము. ఉన్నతపదవి చేతికి వచ్చిన పిమ్మట దానిని ఆచరణలో పెట్టుట మిక్కిలి కష్టము. అట్టి పదవి నంది, వినయమును విడువక, ప్రార్థనయే ఆధారముగా 32 సంవత్సరములు తెలుగుసంఘమును నడిపించిన మహనీయు డొకరు మన దేశముననే యుండిరి. ఆయనయే దోర్నకల్ ప్రథమ బిషప్, వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. మన పాఠశాల విద్యార్థులు తెలిసికొనదగిన ఆయన చరిత్రమును ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాను.

అజరయ్యగారు 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన తమిళదేశములోని తిరునెల్వేలి జిల్లాలో వెల్లాళన్‌విళై యను చిన్న గ్రామమున జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయకంగారు నాడార్ కులమున పుట్టి, హిందూమతమునుండి క్రైస్తవులై, పిమ్మట ఆ గ్రామసంఘమునకు గురువైరి. తల్లి పేరు ఎల్లెన్. కుమారునికొఱకు చిరకాలము ప్రార్థించి కనిన తల్లి గనుక, పూర్వము హన్నా తన కుమారునికి పెట్టిన శామ్యూలను పేరే ఆమెయు పెట్టెను. నాడారులు తాటిచెట్లెక్కి జీవించు కులమువారని ఆ కాలమున పైకులములవారు వారిని చిన్నచూపు చూచుచుండిరి. అందుచేత కులభేదమనునది ఎట్లు నొప్పించునో అజరయ్యగారు గ్రంథములలో చదివి తెలిసికొనవలసిన పని లేకపోయెను. 1889లో తండ్రి మరణించిరి. అప్పటికి బాలునికి సుమారు పదునైదేండ్లు. తల్లి ధైర్యము విడువక కుమారుని భక్తిలోను క్రమములోను పెంచెను.

మెజ్ఞానపురములోని మిషను బోర్డింగు పాఠశాలలోను, తిరునెల్వేలిలోని చర్చి మిషనరీ సొసైటీవారి కళాశాలలోను చదివి, ఆయన మద్రాసు క్రైస్తవకళాశాలలో చేరిరి. ఆ కళాశాలకు అప్పుడు విలియం మిల్లరు దొరగారు అధ్యక్షులు. అచ్చట అజరయ్యగారు శ్రద్ధగానే చదివిరి. కాని బి.ఏ. పరీక్షల సమయమున జబ్బుపడుటవలన పట్టము పొందలేకపోయిరి. పరీక్ష తప్పినచో బ్రదుకే చెడిపోయెనని తలచు విద్యార్థులు ఈ సంగతిని గమనింతురు గాక. పట్టము లేని ఆ యువకునికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు గౌరవపట్టము నొసగిరి. అట్టి గౌరవము రాగలదని ఆయన కలలోనైనను తలచి యుండరు. చేతికి దొరికిన పనిని నమ్మకముగా చేయుటయే ఆయన యెఱిగిన మార్గము.

1895లో ఆయన వై.యం.సి.ఏ. సంఘమునకు కార్యదర్శిగా కుదిరి, 1909 వఱకు ఆ పనిలో నుండిరి. ఊరూర తిరిగి యువకులకు వేదపాఠములు చెప్పుట, కూటములు జరుపుట ఆయన పని. 1896లో షెర్వుడ్ ఎడ్డీ అను అమెరికా యువకుడు అదే సంఘపు పనిమీద ఇండియాకు వచ్చెను. వీరిద్దఱును గాఢస్నేహితులైరి. కలిసి ప్రయాణము చేసిరి, కలిసి ప్రార్థించిరి. తెల్లవారు ఒకవైపునను నల్లవారు ఒకవైపునను కూర్చుండు ఆ దినములలో అట్టి స్నేహము అరుదు. పిమ్మటి కాలమున అజరయ్యగారు పలికిన ఒక గొప్ప ప్రసంగమునకు ఈ స్నేహమే విత్తనమని చెప్పవచ్చును. 1898లో ఆయన అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడిరి. దక్షిణదేశములో కళాశాలవిద్య నభ్యసించిన మొదటి క్రైస్తవస్త్రీలలో ఈమె యొకరు.

1902లో అజరయ్యగారు యాఴ్పాణమునకు, అనగా లంకలోని జాఫ్నాకు పోయిరి. అచ్చటి తమిళక్రైస్తవులు తమ సొంత ధనముతో దూరప్రాంతములకు సువార్తికులను పంపుట చూచి, తిరునెల్వేలి క్రైస్తవులు ఏల ఇట్లు చేయరాదని ఆయన మనస్సున కలత పుట్టెను. నూఱేండ్లకు మించి సువార్త వినుచున్న సంఘము ఎల్లప్పుడును పుచ్చుకొనునదిగానే యుండవలెనా అని ఆయన ఆలోచించిరి. ఈ ఆలోచన ప్రార్థనగా మాఱి, ప్రార్థన కార్యరూపము దాల్చెను. 1903 ఫిబ్రవరి 12వ తేదీన తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపింపబడెను. 1905 క్రిస్మసు దినమున శ్రీరాంపురములో, కేరీ పండితుని పేర నున్న గ్రంథాలయమున, పలు సంఘములవారు కూడి నేషనల్ మిషనరీ సొసైటీని స్థాపించిరి. దానికి అజరయ్యగారే ప్రథమ కార్యదర్శి. మనవారే పనిచేయుట, మన ధనమే వ్యయపఱచుట, మన పరిపాలనయే యుండుట అనునవి దాని నియమములు.

తిరునెల్వేలి సొసైటీవారు తమ పనికై యెన్నుకొనిన స్థలము మన తెలుగుదేశమునందలిదే. నైజాము రాజ్యములోని మానుకోట తాలూకా అప్పటికి సువార్తపని అంతగా లేని చోటు. తమిళులైన సువార్తికులు వందలకొలది మైళ్లు ప్రయాణము చేసివచ్చి, ఎఱుగని భాషను నేర్చుకొనుచు అచ్చట పనిచేయుచుండిరి. అజరయ్యగారు మద్రాసులో నుండి దేశమంతట తిరిగి, యువకులారా దూరదేశములకు సేవకై పొండని బోధించుచుండిరి. క్రమముగా ఒక ప్రశ్న ఆయన నెదుర్కొనెను. ఇతరులను పొమ్మనువాడు తాను ఏల పోకూడదు? ఆయన దీనిని తప్పించుకొనజూడక, దేవుని సన్నిధిని పెట్టి, తన పదవిని విడిచిరి. 1909లో గురుపట్టమునొంది భార్యాబిడ్డలతో దోర్నకల్ చేరిరి.

దోర్నకల్ ఆ కాలమున ఒక చిన్న రైలుకూడలి. కాజీపేటనుండి బెజవాడకు పోవు దారిలో, సింగరేణి బొగ్గుగనులకు రైలుమార్గము చీలు చోట నున్నది. చుట్టును అడవులు, మెట్టపొలములు. ఇప్పు డది తెలంగాణములోని మహబూబాబాదు జిల్లాలో చేరియున్నది. ఉండుటకు తగిన యిల్లు లేనందున మొదట ఆయన గుడారములో నివసింపవలసి వచ్చెను. అప్పటికి ఆయనకు 35 సంవత్సరములు. మద్రాసు, కలకత్తా పట్టణములలో పెద్దసభల నుద్దేశించి మాటలాడిన వక్త ఇచ్చట తెలుగు అక్షరమాల దిద్దుకొను విద్యార్థి యయ్యెను. ఈ ప్రాంతపు కూలివానికి తెలిసిన మాట ఆయనకు తెలియదు. పల్లెవాడు చెప్పినదానిని విని, మఱల పలికి, తప్పు దిద్దుకొనవలెను. సంఘమునకు కాపరి కాబోవువానిని దేవుడు మొదట తన గొఱ్ఱెలకే శిష్యునిగా చేసెను. ఆయన తెలుగును శ్రద్ధగా నేర్చి, పిమ్మట ఆ భాషలోనే బోధించుచు జీవితము గడపిరి.

1910లో స్కాట్లండు దేశమున ఎడింబరో పట్టణములో ప్రపంచ మిషనరీ మహాసభ కూడెను. సుమారు 1,200 మంది ప్రతినిధులలో ఆసియావాసులు 20 మందికి మించరు. వారిలో అజరయ్యగా రొకరు. దొరలైన మిషనరీలకును దేశీయ సేవకులకును గల సంబంధమునుగూర్చి మాటలాడుమని ఆయనను కోరిరి. ఆయన మొదట మిషనరీల త్యాగమును కృతజ్ఞతతో కొనియాడిరి. తమ ధనమును, సుఖమును, ప్రాణమును సయితము ఈ దేశముకొఱకు ఇచ్చిన పుణ్యపురుషులను తలచిరి. పిమ్మట, ఇన్ని ఇచ్చినవారు స్నేహము నీయలేకపోవుచున్నారని నిర్భయముగా చెప్పిరి. ఒక్క ప్రభువును సేవించువారు ఒక్క బల్లయొద్ద భుజింపరు, ఒకరి యింటికి ఒకరు పోరు, యజమానుడును పనివాడును వలె నుందురని చూపి, మాకు స్నేహితులు కావలెనని వేడుకొనిరి. సభలో కొందఱికి ఈ మాటలు రుచింపలేదు. చాలమంది హృదయములను మాత్రము అవి గట్టిగా తాకెను. ఆ మహాసభలోని ప్రసంగములన్నిటిలో నేటికిని లోకము జ్ఞాపకముంచుకొనినది ఇదియే.

ఇచ్చట మనము ఒక సంగతి విచారింపవలెను. వినయవంతుడు పెద్దలయెదుట ఇట్లు మాటలాడవచ్చునా? వినయమనగా తలవంచుకొని ఊరకుండుటయే యని కొందఱు తలంతురు. అది భయము గాని వినయము కాదు. అజరయ్యగారు తమకు పదవిని కోరలేదు, జీతమును కోరలేదు. తమ దేశస్థుల పక్షమున సమానమైన ప్రేమను కోరిరి. అయితే ఈ మాట నిజమైన వినయమునుండి వచ్చెనా, లేక గాయపడిన గర్వమునుండి వచ్చెనా యని తెలిసికొనుటకు ఒక పరీక్ష గలదు. పైవారినుండి స్నేహమును అడిగినవాడు, తనకు అధికారము వచ్చినప్పుడు క్రిందివారికి ఆ స్నేహమును ఇచ్చునా? ఆ పరీక్ష అజరయ్యగారికి రెండు సంవత్సరములలోనే వచ్చెను.

అప్పటి మద్రాసు బిషప్ వైట్‌హెడ్ దొరగారు అజరయ్యగారిని బిషప్పుగా చేయవలెనని సంకల్పించిరి. ఆంగ్లికన్ సంఘములో అంతవఱకు ఇండియావాసి యెవడును బిషప్పు కాలేదు. ఇండియా దేశస్థుని అధికారమునకు ఐరోపావారు లోబడుదురా యని కొందఱు దొరలు శంకించిరి. నాడార్ కులస్థుడు బిషప్పగుట యేమని తిరునెల్వేలిలోనే కొందఱు క్రైస్తవులు గొణిగిరి. ఇట్లు తెల్లవారినుండి రంగుచేతను, తనవారినుండి కులముచేతను ఆయనకు అడ్డు కలిగెను. అయినను 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింటుపాల్ కతీడ్రల్ దేవాలయములో ఆయన బిషప్పుగా అభిషేకింపబడిరి. దోర్నకల్ డయాసిసు క్రొత్తగా ఏర్పడెను. ఈ క్రొత్త బిషప్పు తప్పటడుగు వేయునాయని కనిపెట్టుచుండిన కన్నులు అనేకములు. ఆయన ఓడిపోయినచో, దేశీయులకు ఈ పని చేతకాదని చెప్పుటకు అందఱును సిద్ధముగా నుండిరి. అట్టి భారము మోయువానికి గర్వమైనను రావలెను, దిగులైనను రావలెను. ఆ రెంటికిని ఆయన యెఱిగిన ఔషధము ప్రార్థన యొక్కటియే.

అజరయ్యగారు ప్రతిదినము తెల్లవారకమునుపే లేచి ఏకాంతప్రార్థనలో చాలసేపు గడపుచుండిరి. తనకు శక్తి నిమ్మని వేడుకొనుటతో ఆ ప్రార్థన ముగియదు. తనక్రింద పనిచేయు గురువులను, ఉపదేశకులను, పాఠశాలలను, వైద్యశాలలను పేరుపేరున దేవునియెదుట జ్ఞాపకము చేసికొనుచుండిరి. ఇది చూచుటకు చిన్నపనివలె తోచును. కాని దీనిలో ఎంత అర్థమున్నదో ఆలోచింపుడు. ఒకని పేరు ఉదయమున దేవునికి విన్నవించినవాడు మధ్యాహ్నమున వానిని తృణీకరింపలేడు. వాని తప్పు దిద్దవలసివచ్చినను తండ్రి బిడ్డను దిద్దినట్లు దిద్దును. వేలకొలది జనులను పరిపాలించువానికి మనుష్యులు లెక్కలుగా మాఱిపోవుట సహజము. పేరుపేరున ప్రార్థించుటవలన అజరయ్యగారికి వారు మనుష్యులుగానే నిలిచిరి.

ఆయన సంఘస్థులలో మిక్కిలి యెక్కువమంది మాల మాదిగ కులములవారు. వారి గూడెములు ఊరిబయట నుండెడివి. ఊరిబావిలో నీరు తోడుకొనుటకు వారికి హక్కు లేదు. పలువురు పాలేరుతనములోను, అప్పులలోను, వెట్టిచాకిరిలోను పుట్టి అందులోనే చచ్చుచుండిరి. బిషప్పుగారు ఎడ్లబండిమీదను, రైలుమీదను ప్రయాణముచేసి ఈ గూడెములకే పోవుచుండిరి. రాజులు గౌరవించు పదవిలోనుండి, మట్టిగోడల పూరిపాకలో నేలమీద కూర్చున్న ప్రజలకు బోధించుచుండిరి. సంఘములో కులభేదము పనికిరాదని కచ్చితముగా చెప్పి, ఒకే సంస్కారపాత్రలో పాలుపొందువారు ఒకే పంక్తిలో భుజింపవలెనని పట్టుపట్టిరి. మాలలు మాదిగలతో కలియకపోయినను, పైకులములనుండి వచ్చినవారు ఈ యిరువురితో కలియకపోయినను ఆయన సహింపలేదు. ఎడింబరోలో దొరలను అడిగిన స్నేహమును దోర్నకల్‌లో ఆయన ఈ విధముగా చెల్లించిరి. పరీక్షలో ఆయన నెగ్గిరి.

గూడెములలోని ప్రజలు పగలంతయు పొలములలో కష్టపడుదురు. కావున వారి ఆరాధన దీపము పెట్టిన పిమ్మట జరుగుచుండెను. ఉపదేశకుడు గంట కొట్టగా స్త్రీలు, పురుషులు, పిల్లలు ప్రార్థనమందిరములో కూడుదురు. చదువురానివారు గనుక ప్రభుప్రార్థనను, విశ్వాసప్రమాణమును, కీర్తనలను, సువార్తకథలను వినివిని కంఠస్థము చేయుదురు. ఈ దినదిన ప్రార్థన నిలిచిన చోట సంఘము నిలుచుననియు, ఇది మానిన చోట ఎన్ని బాప్తిస్మము లిచ్చినను ఫలము లేదనియు బిషప్పుగారు ఎఱిగియుండిరి. బాప్తిస్మము పొందువారిని తమ చేయి తమ తలపై నుంచుకొని, సువార్తను ప్రకటింపకున్న తమకు శ్రమ యని పలుకుమని చెప్పుచుండిరి. సువార్తపని జీతగాండ్రది మాత్రమే కాదని ఆ దినముననే వారికి బోధపడుచుండెను. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగును పల్లెలను పీడించు దయ్యములని చెప్పి, వాటితో పోరాడుటకు ప్రజలను ప్రోత్సహించిరి. మార్పు నిజమైనదైనచో పొరుగువారి కన్నులకు కనబడకపోదు. తమ పాలేరుల బ్రదుకు మాఱుట చూచి, శూద్రకులములవారును కొన్ని ప్రాంతములలో సంఘమున చేరసాగిరి.

పేదలు పుచ్చుకొనుటయే గాని ఇచ్చుట యెఱుగరని తలచుట వారిని అవమానపఱచుటయే యని ఆయన నమ్మిరి. వంటకై బియ్యము కొలుచునప్పుడు పిడికెడు బియ్యము దేవునికని వేఱుగా తీసియుంచు వాడుకను సంఘములలో ప్రోత్సహించిరి. కోతపండుగనాడు ప్రజలు ధాన్యపు గంపలు, కోళ్లు, గ్రుడ్లు, కాయగూరలు తెచ్చి దేవునిసన్నిధిని సమర్పించుచుండిరి. క్రైస్తవదానమునుగూర్చి ఆయన వ్రాసిన చిన్నగ్రంథము పలుభాషలలోనికి మార్చబడినది. దేవునికి ఇచ్చువాడు తల యెత్తుకొని నిలుచును. ఎల్లప్పుడును పరులసొమ్ముపై బ్రదుకు సంఘము తల వంచుకొనియే యుండును. ఇది ఆయన బోధయొక్క సారాంశము.

నాయకుని గొప్పతనము ఆయన తయారుచేసిన నాయకులలో కనబడును. 1912లో దోర్నకల్ డయాసిసులో దేశీయగురువులు ఆఱుగురు మాత్రమే. 1920లో కృష్ణా ప్రాంతపు సంఘములును చేర్చబడి డయాసిసు విశాలమయ్యెను. 1935 నాటికి దేశీయగురువులు 250 మందియు, గ్రామోపదేశకులు 2,000 మందికి మించియు నుండిరి. 1941 నాటికి ఆ డయాసిసులోని క్రైస్తవుల సంఖ్య రెండులక్షలు దాటెను. ఇంతపని ఒక్కడు చేయలేడు. పాలేరుల కుమారులను పిలిచి, వారికి చదువు చెప్పించి, దోర్నకల్‌లోని వేదపాఠశాలలో తర్ఫీదు ఇప్పించి, గురువులుగా అభిషేకించుటయే బిషప్పుగారి ముఖ్యకార్యము. ఆయన స్వయముగా వారికి వేదపాఠములు చెప్పుచుండిరి. భర్త ఒక్కడు నేర్చిన చాలదనియు, భార్యయు నేర్వవలెననియు విధించిరి. ఈ పనిలో అన్బు అజరయ్యమ్మగారు భర్తకు కుడిభుజమై, స్త్రీలకు చదువును, గృహపాలనను, ప్రార్థనను నేర్పిరి. తల్లుల సంఘమును డయాసిసులో వృద్ధిచేసిన ఖ్యాతి ఆమెది.

దోర్నకల్ కతీడ్రల్ దేవాలయమును చూచినవారికి బిషప్పుగారి మనస్సు తేటగా తెలియును. అది పలు సంవత్సరములు కొద్దికొద్దిగా కట్టబడి, 1939 జనవరి 6వ తేదీన, ప్రభువు అన్యజనులకు ప్రత్యక్షమైన పండుగదినమున, ప్రతిష్ఠింపబడెను. దాని స్తంభములు దక్షిణదేశపు దేవాలయములను, గుమ్మటములు మహమ్మదీయుల మసీదులను తలపించును. క్రీస్తు ఈ దేశమునకు పరాయివాడు కాడనియు, ఈ దేశపు శిల్పము, గానము, పండుగలు అన్నియు ఆయన పాదములయొద్ద పెట్టదగినవనియు అజరయ్యగారు తలచిరి. తెలుగు కీర్తనలకును భజనలకును ఆరాధనలో చోటిచ్చిరి.

ఆయనకు లోకవిషయములలోను దృఢమైన అభిప్రాయములు కలవు. క్రైస్తవులకు శాసనసభలలో ప్రత్యేక నియోజకవర్గము లుండవలెనని కొందఱు కోరగా, అజరయ్యగారు దానిని వ్యతిరేకించిరి. సంఘము తన లాభమును చూచుకొను మఱియొక కులముగా మాఱునని ఆయన భయము. 1932లో ప్రత్యేక నియోజకవర్గముల ఏర్పాటు ప్రకటింపబడినప్పుడును ఆయన అభిప్రాయము మాఱలేదు. 1930 తరువాతి సంవత్సరములలో మతాంతరమునుగూర్చి గాంధీమహాత్మునికిని ఆయనకును భేదాభిప్రాయము కలిగెను. పేదవాడు తన మనస్సాక్షి చొప్పున మతమును ఎంచుకొనుటకు స్వతంత్రుడని అజరయ్యగారు వాదించిరి. ఇట్లు దొరలయెదుటను దేశనాయకులయెదుటను ఒకేరీతిగా నిలిచిరి. ఆయనను దోషరహితుడని చెప్పుట నా యుద్దేశము కాదు. క్రమశిక్షణలో కఠినుడనియు, అధికారమును తన చేతిలోనే యుంచుకొనుననియు తలచినవారును లేకపోలేదు. మోసెస్ నాయకునికిని అట్టి గొణుగుడు తప్పలేదు గదా. అయినను ఆయన కఠినత్వము తన లాభమునకై కాదని ఆయనను విమర్శించినవారును ఎఱుగుదురు.

క్రైస్తవసంఘముల ఐక్యత ఆయన ప్రార్థనలలో ముఖ్యమైనది. పాశ్చాత్యదేశములలో ఎప్పుడో పుట్టిన తగవులను తెలుగు పల్లెలలోని క్రొత్తవిశ్వాసులపై మోపుట తగదని ఆయన తలచిరి. 1919లో తరంగంబాడిలో ఆంగ్లికన్ సంఘమువారును దక్షిణ ఇండియా ఐక్యసంఘమువారును కూడి ఐక్యతకొఱకు ఒక ప్రకటన చేసిరి. ఆ కూటమునకు ప్రాణము పోసినవారిలో అజరయ్యగా రొకరు. 1927లో లొసాన్ పట్టణమున జరిగిన మహాసభలోను ఆయన ఈ విషయమునే నొక్కి చెప్పిరి. 1929 నుండి మరణపర్యంతము ఇండియా జాతీయ క్రైస్తవసభకు అధ్యక్షులుగా నుండిరి. ఐక్యతకై చర్చలు 25 సంవత్సరములు దాటినను ముగియలేదు. తీర్మానము లన్నియు ఆయన కనులయెదుట ఒకటొకటిగా ఆలస్యమయ్యెను. ఆయన విసుగక ప్రార్థించుచునే యుండిరి.

1945 జనవరి 1వ తేదీన, 70 సంవత్సరముల ప్రాయమున, అజరయ్యగారు దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి. తాను కోరిన ఐక్యసంఘమును ఆయన కన్నులార చూడలేదు. 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసు సెయింటుజార్జి కతీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘము స్థాపింపబడినప్పుడు, ఆ సంతోషసమయమున ఆయన స్థానము శూన్యముగా నుండెను. వాగ్దత్తదేశమును దూరమునుండియే చూచిన మోసెవలె, ఆయనయు ఇతరులు కోయు పంటకు విత్తనము వేసి వెళ్లిపోయిరి. తన పేరు నిలుచుటకొఱకు పనిచేయువానికి ఇది ఓటమి. తాను పనివాడనియు, పొలము యజమానునిదనియు ఎఱిగినవానికి ఇది ఓటమి కాదు.

విద్యార్థులారా, మీలో కొందఱు రేపు ఉపాధ్యాయులును, వైద్యులును, ఉద్యోగస్థులును, సంఘపెద్దలును అగుదురు. నేడు తరగతికి నాయకులైనవారును, ఆటలలో దళపతులైనవారును మీలోనే యున్నారు. మీకు పైనున్నవారు మిమ్మును గౌరవింపవలెనని కోరుట తప్పు కాదు. కాని మీరు ఎవరికి పైనున్నారో వారిని ఒకసారి తిరిగి చూడుడు. వసతిగృహములో పాత్రలు కడుగు వానిపేరు మీకు తెలియునా? పాఠశాల ఊడ్చు అవ్వపేరు మీకు తెలియునా? ఆ పేర్లు తెలిసికొని రేపటి ఉదయప్రార్థనలో దేవునికి విన్నవింపుడు. దోర్నకల్ బిషప్పుగారు వేలకొలది జనులను నడిపించిన విద్య అచ్చటనే మొదలగును. తలిదండ్రులకును, ఉపాధ్యాయులమైన మాకును వేఱు మార్గము లేదు. ఆ మహనీయుని జీవితమును తలచునప్పుడెల్ల, ఆయనను నడిపించిన దేవుడు మనకును అట్టి వినయమును, అట్టి ప్రార్థనాశీలమును అనుగ్రహించును గాక.